ఎస్ రాసిన అక్క

నా చిన్నప్పుడు మాట కింద ఎర్ర గీత గీసే అధికారం బళ్ళో అయ్యవార్లకే ఉండేది. ఇప్పుడు ఫోను కూడా గీస్తోంది. మదనపల్లెలో మా వసారాలో కూర్చుని ఇంగ్లీషులో ‘రియలైజ్’ అని టైపు చేస్తే, చివర ఎస్ ఉన్నందుకు దానికి మనసు కష్టమవుతుంది. జెడ్ పెట్టేదాకా గీత పోదు.

ఆ గీతను నేను మొదట చూసింది పుంగనూరు బడిలో. మా పక్కింటి అక్క బెంగుళూరులో ఫ్రెంచి చదివొచ్చి మాకు ఇంగ్లీషు చెప్పేది. తాత్కాలిక ఉద్యోగం. ఆ ఏడు పర్మనెంటు చేస్తారని వాళ్ళింట్లో అందరూ కాచుకుని ఉన్నారు. ఇంగ్లీషు క్రియలకు ఫ్రెంచి చుట్టాలను చూపించేది అక్క: రియలైజ్‌కు రెయాలిజే, ఆర్గనైజ్‌కు ఒర్గానిజే. “పలికేది జ, రాసేది ఎస్. ఫ్రెంచోళ్ళ ఇంటి అలవాటప్పా, ఇంగ్లీషోళ్ళు ఎత్తుకొచ్చినారు” అనేది. మేమంతా నమ్మకంగా ఎస్ రాశాం.

పరీక్ష పేపర్లు హెడ్మాస్టరు దిద్దారు. ఆయన బల్ల మీది డిక్షనరీలో జెడ్ ఉంది. క్లాసు క్లాసంతా ఎర్రబడింది. రెండూ చెల్లుతాయి సార్ అని అక్క నెమ్మదిగా చెప్పి చూసింది. “ఏమ్మా, నీకు జీతమిచ్చేది ఫ్రెంచోడా, నేనా?” అన్నారాయన, మా అందరి ముందరే. క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఉంటుందన్నారు.

అక్క రాసిచ్చింది. ఇంగ్లీషులో ఒకటే వాక్యం. ‘అపాలజైజ్’కు ఎస్ పెట్టింది.

ఆయన దాని కిందా గీత గీశారు. ఉద్యోగం అంతటితో సరి.

కుప్పంలో వాళ్ళ మామ ఎరువుల అంగట్లో పని చూసుకోవడానికి ఆమె బస్సెక్కిన రోజు సంచి మోయడానికి నేను వెంట వెళ్ళాను. అపాలజైజ్‌కు మాత్రం ఫ్రెంచిలో జోడీ క్రియ లేదని, అక్కడ ఇంగ్లీషువాళ్ళు సొంతంగానే ఎస్ పెట్టుకున్నారని అప్పుడు చెప్పింది. అంటే ఫ్రెంచి సాక్ష్యం లేని చోట కూడా ఆమె ఎస్ వదల్లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, “నువ్వు మాత్రం జెడ్డే రాయప్పా. పాసు కావాల గదా” అంది.

రాశాను. పాసయ్యాను. ఇంగ్లీషు అయ్యవారినే అయ్యి, పిల్లలకు జెడ్ చెప్పి, జెడ్‌తోనే రిటైరయ్యాను. ఇప్పుడు నన్ను దిద్దే వాళ్ళు లేరు గనుక ఎస్ రాస్తున్నాను. ఆ అక్క నుంచి నా దగ్గర మిగిలింది ఆ ఒక్క అక్షరం. దాన్నీ ఫోను ఒప్పుకోవడం లేదు.

మొన్న ఫోను మనవరాలి చేతికిచ్చి, ఆ ఎర్ర గీత చూపించి ఇదంతా చెప్పాను. ఓపికగా విని, ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ అంది:

“ఆయమ్మకు ఉద్యోగం పాయ. నీకు పెన్షన్ వస్తాండాది. అంటే జెడ్డే కరెక్టు గదా తాతా.”