మూట లేకుండా పోయే ఇండ్లు

మొన్న మా కోడలు కర్నూలులో ఏదో వ్యాపారుల మీటింగుకు పోయి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా నా మంచం పక్కన కూర్చొని, వ్యాపారమంటే సరుకొక్కటే కాదంట అత్తా, నెట్‌వర్కు ఉండాలంట, నీకు ఆదోనిలో తెలిసిన ఇండ్లోళ్ల నంబర్లన్నీ చెప్పు, ఎక్కించుకుంటాను అని ఫోను తీసింది. నాకు నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పెండ్లైన నాటి నుంచి మోకాళ్లు పోయేదాకా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి చీరెల మూట మోసినదాన్ని, నా దగ్గర ఒక్క నంబరు లేదు.

నంబరు ఉన్నా నాకు చదవను రాదు ఆ కాలంలో. అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు బడికి పోయే కాలాన, దాని పక్కన పలక పట్టుకొని. అందుకే నా రాత మాట మాదిరే ఉంటాది. నా ఈడు వాళ్లు చదువుతారని రాస్తాండాను, చిన్నోళ్లకు ఇంత ఓపిక యాడుంటాది.

మా ఇంట్లో మగ్గం మా ఆయనది, మూట మా అత్తది. నేసేది మగోళ్లు, అమ్మేది ఆడోళ్లు, అది మా ఇంటి పద్ధతి. కొత్తగా కాపురానికి వచ్చిన నన్ను మూట మోయడానికి వెంట తీసుకొని పోయిన మా అత్త నాకు చీరెల బేరం నేర్పలేదు, పోవడం నేర్పింది. రెండుసార్లు మూటతో పోతే మూడోసారి ఉత్త చేతులతో పోవాల, పోయి మంచినీళ్లు తాగి, పిల్లోళ్లకు జ్వరమెట్లుంది, కోడలికి ఎన్నో నెల అని అడిగి, చీరెల మాట ఎత్తకుండా రావాల. బస్సు చార్జీ దండగ కదా అని నేనంటే మా అత్త నడిబజార్లోనే నిలేసి, "మూట లేకుండా పోకుంటే నిన్ను దూరం నుంచి సూస్తానే తలుపేసుకుంటారే, పిచ్చికుక్కను సూసినట్ల" అనింది. ఇంకొక కట్టడి కూడా పెట్టింది, దానికి మాత్రం మినహాయింపు లేదు. చావు జరిగిన ఇంటికి మూటతో పోకూడదు. ముందు ఉత్త చేతులతో పోయి, వాళ్లతో పాటు కూర్చొని, ఏడుపొస్తే ఏడ్చి రావాల. దినాలు నిండి, వాళ్లంతట వాళ్లు పిలిస్తేనే మళ్లీ మూట.

ఏ ఇంట్లో ఏమైందో మనకెట్ల తెలుస్తాది అంటారా. దానికి ఆదోని బస్టాండులో పూలమ్మే ఆమె ఉండేది. నేను బస్సు దిగుతానే ఆమె దగ్గర మూర మల్లెలు కొనేదాన్ని, ఆమె పూలు కొలుస్తా కొలుస్తా ఊరి సంగతంతా నా చెవిలో వేసేది. ఊర్లో పెండ్లికి దండలు ఆమె దగ్గరే, శవానికి దండలూ ఆమె దగ్గరే, ఇంక ఆమెకు తెలియనిదేముంటాది. ఈ పొద్దు ఆ వీధికి మూటతో పోవద్దు అంటే, మూట ఆమె గంప పక్కన పెట్టి ఉత్త చేతులతో పోయేదాన్ని. నాకు ఆమె పేరు తెలియదు, ఆమెకు నా పేరు తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటాది గాని, అప్పట్లో పేరుతో పని పడలేదు.

ఆ ఇండ్లన్నిటికీ పెద్దిల్లు మా ఆపాది. పత్తి దలాలీ చేసే సాయిబు భార్య, నాకన్నా కొంచెం పెద్ద, అందుకే ఆపా, వాళ్ల మాటలో అక్క. మెట్టు మీద నా నీడ పడితే చాలు, లోపలి నుంచే "వచ్చినావా ఎమ్మిగనూరుదానా, ఈ పొద్దు ఎవురి కొంప ముంచను?" అనేది. నేను "నీదే ఆపా, ఇంకెవురిది" అనేదాన్ని. తిట్టుకోకుండా మా బేరం మొదలయ్యేది కాదు. ఆమె ఒక చీర తీసుకుంటే ఆ వీధంతా తీసుకునేది, ఆ వీధిలోని ఒక కోమటామె మంత్రాలయంలో లాడ్జి నడిపే వాళ్ల చెల్లెలికి నన్ను చూపించింది, అట్ల ఇంటి వెంట ఇల్లు అల్లుకొని పోయింది. మా ఆయన పోయినప్పుడు మూడో దినానికే ఆపా బస్సెక్కి ఎమ్మిగనూరుకు వచ్చి, నా పక్కన చాప మీద పొద్దుగూకేదాకా కూర్చొని పోయింది. బస్సోళ్ల నోట విని ఆమెకు చెప్పి పంపింది ఎవరో కాదు, ఆ పూలామెనే.

తర్వాత నా మోకాళ్లు పోయినాయి. అయిదారేండ్లుగా కోడలే ఫోనులో బొమ్మలు పెట్టి అమ్ముతాంది. కష్టపడే పిల్ల, వంక పెట్టలేను. కానీ బొమ్మ చూసి బాగుంది అనేవాళ్లే గాని కొనేవాళ్లు తగ్గిపోయినారు. ఈ పెండ్లిండ్ల కాలంలోనైనా పెద్ద బేరం తగలకపోతే మగ్గం విప్పేసి బెంగళూరుకు కూలికి పోతానని నా కొడుకు తేల్చి చెప్పినాడు. ఆ మాట విన్నాకే నాకు ఆపా గుర్తొచ్చింది. తన మనవరాలి పెండ్లికి చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరెలన్నీ నీ మగ్గం మీదివే అని ఆమె ఎప్పుడో మాటిచ్చింది. ఆ పిల్లకు ఈడొచ్చి ఉంటాది. నంబర్లు లేవు గాని మనిషుంది కదా అని, మూట కోడలికిచ్చి దాని భుజం పట్టుకొని బస్సెక్కినాను.

బస్టాండులో పూలామె లేదు. ఆమె కూర్చునే చోట ఫోన్లకు అట్టలు అమ్మే బండి నిలబడింది. ఆ బండి పిల్లోణ్ణి అడిగితే, "ఏ పూలామె అవ్వా?" అన్నాడు. అప్పుడే నేను వెనక్కి తిరగాల్సింది. ఆటో ఎక్కినాను.

ఆపా ఇంటి ముందర చెప్పులు గుంపుగా ఉన్నాయి. లోపల దేగిసలో బువ్వ ఉడుకుతాన్న వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది, మనవరాలి పెండ్లి మాటలే జరుగుతాండాయి, సరైన వేళకు వచ్చినాము అని కోడలి చేత మూట గడప పక్కన దించించి, ఆమె ముడి విప్పుతుండగానే నేను గట్టిగా, "ఆపా, ఎమ్మిగనూరుది వచ్చింది, కొంప భద్రం" అని కేక పెట్టినాను.



ఆపా పెద్ద కోడలు తలమీద కొంగు సర్దుకుంటా బయటికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, మూటను చూసింది, మళ్లీ నన్ను చూసింది. "నీకెవురూ సెప్పలేదా అత్తా?" అనింది. ఆపా పోయి నెల దాటిందంట. ఆ దినం నలభయ్యో దినం ఫాతెహా, పోయినోళ్ల పేరున దువా చదివి బువ్వ పెట్టే దినం. "నీకు సెప్పాలని అందరికీ ఉన్నింది. నీ నంబరు ఎవురి దగ్గరా లేకపాయె" అనింది.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు. లోపలికి తీసుకొని పోయి కూర్చోబెట్టి బువ్వ పెట్టింది. మనవరాలు, ఆ పెండ్లి కావలసిన పిల్లే, నాకు నీళ్లు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు పట్టుకొని ఏమి అడగాల. పెండ్లెప్పుడమ్మా అని ఆ ఇంట్లో ఆ దినం ఏ నోటితో అడగాల. బయట గడప పక్కన నా మూట సగం విప్పి పడి ఉంది, వచ్చే పోయేవాళ్లు దాన్ని దాటుకొని నడుస్తాండారు. ఏడుద్దామంటే, మూట తెచ్చినదాని ఏడుపు ఎవరు నమ్ముతారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా కోడలు ఆపా పెద్ద కోడలి నంబరు ఫోనులో ఎక్కించుకుంటా, ఏ పేరు పెట్టాలత్తా అని అడిగింది. నేను కిటికీ వైపు తిరిగినాను. కోడలే ఆదోని కస్టమర్ అని ఏదో అంకెతో పెట్టుకునింది. ఆ ముక్కలు నేను చదవగలిగినాను.

మగ్గం విప్పినారు. నా కొడుకు బెంగళూరులో ఉన్నాడు. మగ్గం కింద కాళ్లాడించే గుంత మీద పలకలు పరిచి కోడలు గ్యాసు బండ పెట్టుకునింది. ఫోనులో పేర్లు మాత్రం దినదినం పెరుగుతానే ఉన్నాయంట. ఉండనీ, మంచిదే, దాని కాలం దానిది. నాకు ఒకటే ఆశ మిగిలింది, మా అత్త చెప్పినట్ల ఉత్త చేతులతో ఒకసారి ఆ ఇంటికి పోయి, ఆపా కూర్చునే చాప మీద ఊరికే కాసేపు కూర్చొని రావాలని. కాళ్లు లేవవు. లేచినా, ఈసారి మూట ఏమీ లేదమ్మా అంటే వాళ్లు నమ్ముతారో లేదో.