ఆమెన్ ఓటు కాదు

కెనడాలో ప్రెసిడెంట్ అనే పదవి లేదు. విండ్సర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి మాత్రం ఉంది. సంఘం పెట్టిన కొత్తలో నియమాలు రాసుకోవడం ఎవరికీ చేతకాక, నది అవతల అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్న సోదర సంఘం నియమాలనే తెచ్చుకున్నాం. వాటితో పాటు వాళ్ల వీటో కూడా వచ్చింది. కమిటీ చేసిన తీర్మానాన్ని ప్రెసిడెంట్ ఆపవచ్చు. కమిటీలో మూడింట రెండు వంతుల మంది మళ్లీ చేతులెత్తితే ఆయన మాట చెల్లదు.

ఆ చేతులెత్తే అవసరం మాకు ఎన్నడూ పడలేదు. మా ప్రెసిడెంట్ గారు కార్ల ప్లాంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన. మా అందరికీ అంకుల్. ఆయన కాదంటే ఊరుకునేవాళ్లం.

ఒక చలికాలం, కాలేజీలో చదువుకునే ఒక అమ్మాయి భర్తతో మా దగ్గరికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుడితే కుదరదు, ఖాళీ చెయ్యమన్నాడట బేస్‌మెంట్ అద్దెకిచ్చిన ఇంటాయన. మా ప్రార్థన హాలు వెనక ఒక గది ఖాళీగా ఉంది. వేరే ఇల్లు దొరికేదాకా అందులో ఉండనివ్వాలని కమిటీ తీర్మానించింది. అంకుల్ వీటో చేశారు.

"ఆ గదిలో స్మోక్ అలారం కూడా లేదమ్మా. మనుషులు పడుకోవడానికి ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. రేపు ఏదైనా అయితే దేవుడి ముందు నేనేం చెప్పను?" అన్నారు నాతో.

ఆయన మనసు నాకు తెలుసు. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ అమ్మాయి భయం కూడా అబద్ధం కాదు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ మళ్లీ కూర్చుంది. అలారాలు పెట్టించి, ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి తీసుకుని గది ఇద్దామన్నాం. అంకుల్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ గది విషయం నీ చిత్తం కాకపోతే ఇక్కడే ఆపు తండ్రీ." అలవాటు కొద్దీ అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను.

"సరే, అందరూ ఆమెన్ అన్నారుగా. అయిపోయినట్టే" అన్నారాయన.

"అంకుల్, మేం ఆమెన్ అన్నది ప్రార్థనకు. ఓటుకు కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అయితే ఎత్తండి చేతులు."

ఎవరూ ఎత్తలేదు. అందరం టేబుల్ మీద టీ కప్పుల వంక చూస్తున్నాం. బైబిల్లో, దేవుడు ఏర్పరచుకున్న రాజే తొందరపడి ఆ రోజు తిన్నవాడు చావాలని ఒట్టు పెడితే, తెలియక తిన్న అతని కొడుకును జనం అడ్డుపడి బతికించుకున్న సంగతి సండే స్కూల్ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ జనం రాజును దించలేదు. ఆ ఒక్క మాటను ఆపారంతే. అంత తెలిసీ నా చెయ్యి ఒళ్లోనే ఉంది.

అంకుల్ మా మొహాలు చూశారు. లేచి తలుపు దగ్గరికి నడిచారు.

"ఎక్కడికి అంకుల్?"

"బయటికి. నేనిక్కడుంటే మీ చేతులు లేవవు. మీరు ఎత్తలేకపోతే ఆ నియమం ఎందుకు?"

"కోటు వేసుకోండి, చలి!" అంటూ ఆయన భార్య, మా ఆంటీ, వంటగదిలోంచి కేకేసింది. ఆయన వినలేదు. కిటికీలోంచి చూస్తే, మంచు పడుతున్న పార్కింగ్‌లో మాకు వీపు తిప్పి నిలబడి ఉన్నారు. ముందు నేను చెయ్యెత్తాను. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు. ఆయనను చూసి జాలిపడి ఎత్తలేదని కమిటీలోని ఆ తమ్ముడు తర్వాత చెప్పాడు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి ఒప్పించింది ఆయనే. అలారాలు కొనుక్కొచ్చి, ఇంటినుంచి నిచ్చెన తెచ్చి ఎక్కిందీ ఆయనే.

"దిగండి అంకుల్, పడతారు. మావారు బిగిస్తారు" అంది ఆ అమ్మాయి, కడుపు మీద చెయ్యి వేసుకుని.

"వీటో ఎలాగూ లాక్కున్నారు. నిచ్చెనైనా ఉంచండమ్మా" అన్నారాయన.

బిగించాక మీట నొక్కి చూశారు. అలారం కీచుమని గది అదిరేలా మోగింది. ఆ అమ్మాయి చెవులు మూసుకుని నవ్వింది. "ఇది మోగితే ముందు నాకు ఫోన్ చెయ్యి" అని, ఆయన రెండో అలారం చేతిలోకి తీసుకున్నారు.