ముహూర్తానికి అందని పిస్టన్

"ఏం సామీ, ఇది నిన్ను మోస్తాదా, నువ్వే దీన్ని మోస్తావా?"

1978లో శఠగోపం పాత లాంబ్రెట్టా స్కూటరును తోసుకుంటూ వచ్చి లేత్ షాపు ముందు ఆగినప్పుడు షాపు యజమాని రాజారత్నం అడిగిన మాట ఇది. శఠగోపం తిరుపతిలో యూనివర్సిటీ గుమాస్తా. కొత్త స్కూటరుకు పేరు రాయించి ఏళ్లు గడిచాయి. ఆ వరుసతో పోలిస్తే సర్వదర్శనం క్యూ పరుగే. అందుకే పాకాలలో ఎవరో కోళ్లగూడు పక్కన పడేసిన ఈ బండిని కొన్నాడు.

ఉత్తినే బాగుచేసి ఊరుకునే రకం కాదు. నూటయాభై సీసీ బండికి నూటడెబ్బై అయిదు సీసీ పిస్టన్ వేస్తానన్నాడు. ఇద్దరెక్కినా కొండెక్కాలట. రాజారత్నం సిలిండర్‌ను వెడల్పు చేసిచ్చాడు. మిగతా పనంతా ఇంటి వసారాలోనే.

చిక్కు బేరింగు దగ్గర వచ్చింది. ఇంజన్ కేసింగును బాగా కాలిస్తే తప్ప బేరింగు అందులో దిగదు. కాల్చడానికున్నది వంటింటి పొయ్యి. అది భార్య అమృతవల్లి మడి వంటిల్లు; ఉల్లిపాయకే అడుగుపెట్టే యోగం లేదు.

"చక్రపొంగలి వండే పొయ్యి మీద ఈ పీనుగనా?"

"కిరసనాయిలుతో కడిగినాను వల్లీ."

"ఆచమనం కూడా చేయించినారా?"

చివరికి బేరం కుదిరింది. పొయ్యి ఆమె ఇస్తుంది. బండి మొదటిసారి కొండెక్కే ముహూర్తం ఆమే పెడుతుంది. దారిలో మొరాయించిందా, బండి పాతసామాన్ల వాడికి. ముహూర్తాలను వెక్కిరించడమే వ్యాపకంగా బతికిన శఠగోపం దానికీ తలూపాడు. బేరింగు దిగింది. పొయ్యికి పసుపునీళ్లతో శుద్ధి జరిగింది.

ఇంజన్ కూత పెట్టి వారమైనా కాకముందే అమృతవల్లి పంచాంగం తీసింది. "ఎల్లుండి దశమి. అది దాటితే మంచిరోజు లేదు, ఆషాఢం వచ్చేస్తాది."

"కొత్త పిస్టన్ వల్లీ! ఐదొందల మైళ్లు మెల్లగా తిప్పి సర్దుబాటు చేయల్ల. ఆ తర్వాతే కొండ."

"నా పొయ్యి అడిగినప్పుడు నేను తర్వాత అన్నానా?"

దశమి నాడు ఇద్దరూ బండి ఎక్కారు. ఘాట్ రోడ్డు సగంలో, ఒక మలుపు దగ్గర, ఇంజన్ కీచుమని బిగుసుకుపోయింది. ఇద్దరూ పిట్టగోడ మీద కూర్చున్నారు. బస్సుల్లోంచి గోవిందలు వినిపిస్తున్నాయి. తన కష్టమంతా పాతసామాన్ల తూకానికి పోబోతోందనుకున్నాడు శఠగోపం.

"పిస్టన్ వేడికి ఉబ్బి పట్టేసింది. అంతా నీ ముహూర్తం!"

"ముహూర్తం బాగానే ఉండాది. మీ పిస్టనే దానికి తయారు కాలేదు."

ఇంజన్ చల్లారాక పిస్టన్ వదిలింది. కిక్కు కొడితే గరగరమంటూ లేచింది. నాలుగు మలుపులకోసారి ఆగుతూ, ఇంజన్ చల్లార్చుకుంటూ, పొద్దువాలే వేళకు కొండ చేరారు. బండి దిగుతూ శఠగోపం తనే అడిగాడు: "పాతసామాన్ల వాణ్ణి పిలిచేదా?"

అమృతవల్లి కొప్పు సర్దుకుని తీర్పు చెప్పింది. "మొరాయిస్తే అన్నాను గానీ, అలిసిపోతే అనలేదే. నడిచొచ్చే భక్తులు మోకాళ్ల పర్వతం కాడ కూలబడరా? వాళ్లనూ తూకానికి వేస్తామా?"

బండి ఇంట్లోనే ఉండిపోయింది. గీతలు పడ్డ సిలిండర్‌కు రాజారత్నం మళ్లీ లేత్ మీద బోరు కొట్టి గీతలు పోగొట్టాడు. ఆ రెండో కూలి, పద్దెనిమిది రూపాయలు, అతనికి ఇంకా రావాలి.