గడప దగ్గర కూత

ఫిట్టరు మావయ్య పోయారని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. ఏడవలేదు. "టీ అడిగేరమ్మా. పెట్టి తెచ్చేను. కుర్చీలోనే కూకున్నారు. సల్లారిపోతంది, తాగండి అన్నాను," అని అక్కడితో ఆగిపోయింది. నేను విశాఖపట్నం నుంచి చోడవరం చేరేసరికి వాళ్ళ వాకిట్లో టెంటు వేసేశారు. అందులో కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆయనకు చుట్టాలు కారు. ఆయన చేత ఏదో ఒకటి తవ్వించుకుని, ఇంటికి తెప్పించుకున్నవాళ్ళు.

ఆ మాటకొస్తే నాకూ చుట్టం కాదు. నా చిన్నప్పుడు మేం బుచ్చయ్యపేట దగ్గర మా ఊరు వదిలేసి చోడవరంలో అద్దెకు దిగాం. పక్క వాటాలో ఆయన. అమ్మ ఆయన్ని తమ్ముడూ అని పిలిచింది కాబట్టి నాకు మావయ్య అయ్యారు. నాలుగేళ్ళకు నాన్నకు విశాఖలో ఉద్యోగం వచ్చి మేం వెళ్ళిపోయినా ఆ వరస మాత్రం పోలేదు.

ఆయన సుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరకు మోపుల్లో కత్తిముక్కో గొలుసుముక్కో కలిసిపోయి మిల్లులో పడితే రోలర్ల పళ్ళు విరిగిపోతాయి. ఇనుము పడితే ఆ చప్పుడు అందరికంటే ముందు ఆయన చెవికే తెలిసేదట. రిటైరయ్యాక ఆ చెవికి పని లేకుండా పోయింది. మాల్ గుమ్మంలో సెక్యూరిటీ వాళ్ళు మన ఒంటిమీద తిప్పే నల్లకర్ర ఉంటుంది చూడండి, అలాంటిది పాతది ఒకటి ఎక్కడో కొన్నారు. నడుం వంచక్కర్లేకుండా దాన్ని ఒక ప్లంబింగు పైపుకి బిగించారు. దాంతో పాడుపడ్డ ఇళ్ళ స్థలాల్లో తిరగడం మొదలుపెట్టారు.

మా వైపు అలాంటి స్థలాలకు కరువు లేదు. ఉద్యోగాలకని విశాఖ పోయినవాళ్ళు వెళ్తూ వెళ్తూ తలుపులు, గుమ్మాలు, పెంకులు అమ్ముకుపోతారు. మిగిలిన మట్టిగోడలు నాలుగు వానలకు కరిగిపోతాయి. మావయ్య ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు పట్టుకుని, అడిగి, సరే అన్నాకే అడుగుపెట్టేవారు. నేలలో లోహం ఉంటే ఆ కర్ర కుయ్యిమంటుంది. దాన్ని ఆయన కూత అనేవారు. "పది కూతల్లో తొమ్మిది సోడామూతలే. పదోదానికోసం తొమ్మిదీ తవ్వాల," అనేవారు. తవ్వింది ఏదైనా ముందు పాత టూత్ బ్రష్‌తో తోమేవారు, సోడామూతనైనా సరే. గొయ్యి పూడ్చి, చెప్పు విప్పేసి, ఉత్త కాలితో మూడుసార్లు నొక్కేవారు.

చిల్లు కాణీలు, అల్యూమినియం పదిపైసలు, తలుపు బందులు, ఒకసారి ఇత్తడి ఉగ్గుగిన్నె. ఏదీ తన దగ్గర ఉంచుకునేవారు కాదు. బస్సెక్కి వెళ్ళి ఇంటివాళ్ళకు ఇచ్చి వచ్చేసేవారు. గాజువాకలో ఒకాయనకు బారెడు తాళంచెవి పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆ ఇల్లూ లేదు, తలుపూ లేదు. ఆయన దాన్ని తన ఫ్లాట్‌లో టీవీ పక్కన మేకుకి తగిలించుకున్నాడు. టెంటులో నా పక్కన కూర్చున్నది ఆయనే.

ఊళ్ళో మాత్రం లంకెబిందెల కోసమే తిరుగుతున్నాడని ఒకటే గుసగుసలు. ఒక కానిస్టేబులు కూడా ఆపి అడిగాడట, ఏమైనా దొరికాయా అని. "దొరికేయి బాబూ. మొయ్యలేక అక్కడే ఒగ్గేసేను," అన్నారట ఈయన. పనీ పాటా లేని వేషాలని నేనూ అనుకున్నాను. ఆయన ముందే అన్నాను కూడా. నవ్వి పైపు భుజాన వేసుకున్నారు.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ ఇంటి స్థలంలోనైనా గడప ఉండే చోట కూస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు గడప కింద రాగి కాసో, వెండి రూపాయో వేస్తారు కదా, అది. అక్కడ మాత్రం ఆయన గునపం దించేవారు కాదు. "మిగతావి మనుసులు పారేసుకున్నయి. ఇది పారేసుకున్నది కాదు, ఇంటికిచ్చింది. ఇల్లు పడిపోనా గానీ దాని కాసు దానికుండాల," అనేవారు.

ఇక మా ఇంటి సంగతి. నాకొక చెల్లెలు ఉండేది. మూడేళ్ళకే జ్వరంతో పోయింది. ఫోటో లేదు. మిగిలిందల్లా ఒక వెండి మువ్వల కడియం. రెండోది చెల్లికి జ్వరం తగిలిన వారంలోనే ఊళ్ళో ఇంట్లో ఎక్కడో పడిపోయింది. ఉన్నదాన్ని అమ్మ బైబిలు పెట్టుకునే సొరుగులో దాచుకుంది. నిరుడు ఆ స్థలం అమ్మేశాం. పక్క పొలంలో చెరకు నరకడం అవగానే ట్రాక్టరు పెట్టి చదును చేయించుకుంటానని కొన్నాయన చెప్పాడు. ఇన్నేళ్ళలో అమ్మ అప్పుడే మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "దున్నీకముందు తమ్ముణ్ణి ఒకసారి సూడమని సెప్పు," అంది.

మావయ్య పదిరోజులు వరసగా వెళ్ళారు. పెరడు, వంటిల్లు, నుయ్యి గట్టు అన్నీ వెతికారు. రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "నేదమ్మా," అనేవారు. ఫోన్లో నా గొంతు విని అమ్మ సంగతి గ్రహించేది. పదకొండో రోజున నేను ఉండబట్టలేక, "మావయ్యా, చోడవరంలో అలాంటిదే ఒకటి కొని మట్టి రాసి తెచ్చేయండి. అమ్మకు చూపు ఎలాగూ ఆనడం లేదు," అన్నాను.

"కళ్ళకి కనబడదు గానీ, మీ యమ్మ సేతికి కనబడతాది," అన్నారు. "ఆ పని నాను సెయ్యను."

నాకు ఒళ్ళు మండిపోయింది. దొరకనిదాని కోసం ముసలావిడకు ఆశపెట్టి, ఇప్పుడు నీతులు చెబుతున్నారా అన్నాను. నోరు జారడమంటే అదే. తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు, ఆయన చేస్తే ఎత్తలేదు.

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు, చేతిలో మాడుగుల హల్వా పొట్లంతో. లోపలికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

"నా వల్ల అవ్వనేదక్కా. గడప తప్ప అంగుళం ఒగ్గనేదు," అన్నారు.

"గడపెందుకు ఒగ్గేసేవు?" అంది అమ్మ.

"అక్కడ కూసింది గానీ, అది ఇంటి కాసు కదా. ముట్టకూడదు."

"మా ఇంటికి కాసెవలు పెట్టేరు తమ్ముడూ? మా మావగారు పాస్టరుగారిని పిలిసి ప్రార్థన సేయించేరు. కాసూ నేదు, కొబ్బరికాయా నేదు."

మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశారు. మేం క్రైస్తవులమని ఆయనకు తెలియక కాదు, మా ఇంట్లో క్రిస్మస్ కేకు ప్రతి ఏడూ తిన్న మనిషే. గడప నియమం నాకూ తెలుసు. అయినా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"గుంట ఎప్పుడూ ఆ గడప మీదే కూకునేది," అంది అమ్మ, చెల్లిని తలుచుకుని తనలో తను అనుకుంటున్నట్టు. "కింద సందులో సింతపిక్కలు దాసీది."

ఆయన భోజనానికి కూడా ఆగలేదు. హల్వా పొట్లం టీపాయ్ మీదే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చారు. జేబులోంచి రుమాలు తీసి విప్పి, నల్లబడిన కడియం అమ్మ అరచేతిలో పెట్టారు. ఆయన ఒక వస్తువును తోమకుండా తేవడం అదే మొదటిసారి. అమ్మ దాన్ని కళ్ళ దగ్గరకు తీసుకోలేదు. బొటనవేలితో మువ్వలు ఒక్కొక్కటే తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది. ఒక మువ్వ లోపలికి నొక్కుకుపోయి ఉంది.

"పళ్ళొచ్చినప్పుడు కొరికీసింది," అంది. ఆ సొట్ట సంగతి అప్పటిదాకా మాకెవరికీ చెప్పలేదు. నేను కొనిపించాలనుకున్న కడియానికి ఆ సొట్ట ఉండేది కాదు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. బయటికి వచ్చి ఆయనకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. అన్నం వడ్డించాను గానీ ఆ మాట మాత్రం చెప్పలేదు. ఇంకోసారి చెప్పొచ్చులే అనుకున్నాను. ఆయన మొహంలోనూ కాస్త దిగులు కనిపించింది. వెళ్తూ వెళ్తూ, "గడప తవ్వీసేనక్కా. ఎప్పుడూ సెయ్యనేదు," అన్నారు.

"అది కాసు కాదు కదా," అంది అమ్మ.

"అయినా గడప గడపే. దాని సంగతి నాను సూసుకుంటాను," అన్నారు. ఆయన్ని ప్రాణాలతో చూడడం అదే ఆఖరు.

పెద్దకర్మ రోజున అందరూ వెళ్ళాక అత్త ఆ పైపు తెచ్చి నా చేతికిచ్చింది. ఇంట్లో దాన్ని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరంది. తర్వాత, "నీకు తెలుసేటమ్మా?" అని అడిగింది. "మీ కడియం ఇచ్చొచ్చిన మర్నాడు దేవుడి గూట్లో మా అత్తగారి రాగి కాసు తీసుకుని ఎక్కడికో ఎల్లేరు. అదొక్కటే ఉండీది మా ఇంట్లో పాతకాసు. అడిగితే సెప్పనేదు."

నేను విశాఖ బస్సు ఎక్కలేదు. ఆటో మాట్లాడుకుని మా ఊరు వెళ్ళాను. చెరకు నరికేశారు, ట్రాక్టరు ఇంకా రాలేదు. మా ఇల్లుండే చోట ఎక్కడ చూసినా పూడ్చిన గోతులే, ఒక్కటీ తెరిచి లేదు. గడప ఉండే చోట మట్టి మిగతా నేలకంటే కాస్త ఎత్తుగా, పాదం ఆనవాలుతో ఉంది. స్విచ్ నొక్కి పైపు తిప్పాను. కూసింది.

అమ్మకు ఫోన్ చేసి, అత్త చెప్పిందీ ఇక్కడ జరిగిందీ చెప్పాను. అమ్మ జీవితంలో ఏ దిష్టికీ, ఏ ముహూర్తానికీ తలవంచని మనిషి.

"తవ్వేవేటి?" అంది.

"లేదమ్మా."

"ఒగ్గేయ్. అది ఇంటిది," అంది.

మావయ్యా, ఆ రోజు వంటింట్లోంచి వచ్చి చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. తప్పు నాది. చెప్పులు విప్పి ఆ మట్టిని మూడుసార్లు నొక్కాను. రేపో మాపో ట్రాక్టరు వస్తుంది. బయల్దేరే ముందు పైపు ఇంకోసారి అక్కడ తిప్పాను. కూసింది.