ఎల్లుండి వస్తానన్న ఆఫీసరు

మా అపార్ట్‌మెంటు లిఫ్టు బాగుచేయాల్సిన మెకానిక్ నిన్న ఫోన్లో "టుమారో పక్కా మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, అంత కోపం ఎందుకో అతనికేం తెలుసు? ఆ మాట ఒకప్పుడు మా బాబాయికి నేనే నేర్పాను.

తొంభైల చివర్లో ఒక కార్తీకమాసం. బాబాయి నల్లరేగడిలో వేసిన పత్తి నడుముదాకా ఎదిగింది, ఆకు నిగనిగలాడుతోంది, కాయ మాత్రం లేదు. విత్తనం నకిలీది. వ్యవసాయ ఆఫీసరు వచ్చి, చేను కళ్ళారా చూసి కాగితం రాస్తేనే కంపెనీని నష్టపరిహారం అడగడానికి వీలు. అందాకా మొక్క పీకకూడదు. ఇటు చూస్తే నేలలో పదును ఆరిపోతోంది. పది రోజుల్లో పత్తి తీసేసి శనగ వేయకపోతే ఆ ఏటికి అదీ లేదు. మేకలు పడి మేస్తే సాక్ష్యం పోతుందని, కాయలేని చేనుకు బాబాయి కాపలా కాశాడు. అది చూసి ఊళ్ళో నవ్వారు. నేనూ నవ్వాను.

రోజూ ఒంగోలు వెళ్ళి డిగ్రీ చదువుతున్నానని ఫోన్ చేసే పని నాకప్పగించారు. ఎస్టీడీ బూత్ నుంచి ఎప్పుడు చేసినా ఆఫీసరు టుమారో అనో, డే ఆఫ్టర్ టుమారో అనో ఇంగ్లీషులోనే అనేవాడు. ఆయనెదుట తెల్లముఖం వేయకూడదని బాబాయి ఆ మాటలన్నీ నా దగ్గర నేర్చుకున్నాడు. ఎల్లుండి దాకా అయ్యాక, "ఆవలెల్లుండికి ఏమంటారమ్మాయ్?" అన్నాడు. దానికి విడిగా మాటేం లేదన్నాను. "అయితే ఎల్లుండికల్లా రావాల్సిందేలే," అని తృప్తిపడ్డాడు.

ఎనిమిదో రోజున ఇక చెట్టు పీకించేద్దామని కూలీలను పిలిచి, చివరిసారిగా నన్ను ఎస్టీడీ బూత్‌కి పంపాడు. "డే ఆఫ్టర్ టుమారో" అని ఆఫీసరు ఫోన్ పెట్టేశాడు. నేను వచ్చి, "ఎల్లుండి తప్పకుండా వస్తారట బాబాయ్," అన్నాను. ఆ ‘తప్పకుండా’ అన్నమాట ఆఫీసరు అనలేదు. బాబాయి ముఖం చూడలేక నేనే కలిపాను. బాబాయి కూలీలను వెనక్కి పంపేశాడు.

ఎల్లుండి పోయింది, ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులూ పోయాయి. ఆగలేక చెట్టు పీకించి దున్నించేశాడు. మర్నాడే జీపొచ్చింది. పంట చూడకుండా ఏం రాయమంటావని ఆఫీసరు గట్టు మీద నిలబడి కసిరాడు. బాబాయి భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎస్టర్‌డే అండీ. ఎస్టర్‌డే దున్నేశా."

ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. పదును పోయిన నేలలో శనగ అక్కడక్కడా మొలిచి ఊరుకుంది. బాబాయి బతికినంతకాలం నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. కూలీలు వచ్చిన ఆ రోజే దున్నించి ఉంటే శనగైనా దక్కేది. మొదటి రోజులు ఆఫీసరు తిన్నవి, చివరి ఆరు రోజులు మాత్రం నేను తిన్నవి. పాతికేళ్ళయినా అవి నాకు అరగలేదు.