కొడుకు దవడ, అల్లుడి దవడ, నా వీపు

కాంక్రీటు మిక్సరు ఎవరు కడగాలనే మాట మీద పోయిన వారం బెంగళూరు పక్కన చందాపురలో, కట్టడం పనికాడ, మా కొడుకూ అల్లుడూ ఒకరి దవడ ఒకరు పగలగొట్టుకున్నారు. ఇద్దరినీ బెంగళూరులో ఒకే వార్డులో చేర్చారు. దవడకు తీగ కడితే మేలా, ప్లేటు వేస్తే మేలా అని అక్కడి డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది. వీళ్లూ ఒప్పుకుని, ఎవరికి ఏది వేయాలో చీటీలు తీశారు. కొడుక్కి ప్లేటు వచ్చింది, మెత్తటి ఇడ్లీ తింటున్నాడు. అల్లుడికి తీగ వచ్చింది, నోరు కట్టేస్తే గంజి పీలుస్తున్నాడు.

ఈ రోజు నేను ఊరుకోలేక, "ఏమప్పా అల్లుడా, ఇడ్లీ బలే మెత్తగా ఉండాది!" అన్నాను.

అల్లుడు సెలైన్ స్టాండు పీకి మా వాడి నెత్తి పగలగొట్టాడు. రక్తం కారుతుండగానే మా వాడు అతని గొంతు పట్టుకున్నాడు. దవడకు ఇంకో దెబ్బ తగిలితే ఎముక అతకదని డాక్టరమ్మ అరిచింది.

అంతలో మా కూతురు టిఫిన్ క్యారియర్ ఎత్తి మధ్యలోకి దూకింది. "మొగుడైతే ఏమి, అన్నయితే ఏమి! ఈ పొద్దు ఇద్దర్నీ సంపేస్తా!"

డాక్టరమ్మ చేతులు జోడించింది. "మొహం మీద మాత్రం బేడమ్మా, వద్దు, నా రీసెర్చి పోతుంది! వీపు మీద కొట్టుకో!"

కొట్టింది. దవడలు రెండూ క్షేమం. ఆఖరి దెబ్బ మాత్రం, ఇడ్లీ మాట ఎత్తినందుకు, నా వీపు మీద పడింది. అల్లుళ్లను ఆటపట్టించే మామలెవరైనా ఉంటే, వాపుకు ఏం రాసుకోవాలో చెప్పండి.