పంచుకుంటామన్న మాట

తెరలమ్మ అని ఆమెకు పేరు పెట్టింది వదినే. ఊళ్ళో సగం కిటికీలకు తెరలు కుట్టింది ఆమే మరి. కుట్టినవి తనే వెళ్ళి తగిలించేది. తగిలించి ఊరికే వచ్చేసేది కాదు. ఇంటివాళ్ళు చూడనప్పుడు కిటికీ పక్కన నిలబడి, ఇది తన ఇల్లే అనుకునేది. ఇక్కడ మంచం, అక్కడ కుట్టుమిషను, ఆ మూల వదిన కుర్చీ. గుడ్డలోంచి ఎండ మెత్తగా నేల మీద పడుతుంటే మనసు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేది. ఇంటావిడ పిలిస్తే ఉలిక్కిపడి, కొంచెం పొడుగైనట్టుంది, చూస్తున్నానండీ అనేది. కలలకి అద్దె లేదు కాబట్టి సరిపోయిందని వదిన వెక్కిరించేది.

వదిన అంటే చనిపోయిన అన్న భార్య. పిల్లల్లేరు. ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. అన్న పోయినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే అద్దెగదిలో ఉంటున్నారు. ఇంటివాడికి గది అవసరమైందంటే చాలు, మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సర్దిన ప్రతిసారీ తెరలమ్మ ప్రాణం ఉసూరుమనేది. ఎవరూ పొమ్మనలేని చోటు ఒకటి కావాలి, ఆమె కోరికల్లా అంతే. చివరికి వీధి చివర మేడ మీద రెండు గదులు అమ్మకానికొస్తే, ఇద్దరూ కూడబెట్టుకున్నది కలిపి కొందామనుకున్నారు.

వదినకు దుకాణం వదిలే వీల్లేక లాయరుగారి దగ్గరికి తెరలమ్మ ఒక్కతే వెళ్ళింది. ఇద్దరు కలిసి కొంటే రెండు పద్ధతులున్నాయని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఉమ్మడిగా రాయించుకుంటే, ఒకరు పోయాక ఇల్లు మొత్తం రెండోవారిదవుతుంది. ఎవరి వాటా వారిదని రాయించుకుంటే, పోయినవారి వాటా వారి తరఫు వాళ్ళకు వెళ్తుంది. ఆయన వెనక కిటికీకి తెర లేదు. తెరలమ్మ చూపు అక్కడే ఉండిపోయింది. లేత పసుపుదైతే గదికి కళ వచ్చేది. మీరెలా అనుకుంటున్నారమ్మా అని ఆయన అడిగేసరికి ఈ లోకంలోకి వచ్చి పడింది.

"మేమిద్దరం పంచుకుంటామండీ" అంది.

ఆయన తలూపి రాసుకున్నారు.

కాగితాలు తయారయ్యాక ఇద్దరూ వెళ్ళారు. చెరి సగం, ఎవరి వాటా వారిది అని లాయరుగారు చదువుతుంటే వదిన ముఖం చిన్నబోయింది. తెరలమ్మ గుండె గుభేలుమంది. రేపు వదిన పోతే ఆ సగం ఆవిడ తమ్ముడిది. అతను అమ్మేస్తానంటే మళ్ళీ మూటాముల్లే. కాసేపట్లో వస్తామని చెప్పి ఇద్దరూ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు.

"విడిగా కావాలని నాతో ఒక్క మాట అంటే పోయేదిగా" అంది వదిన.

"నేనా? మీ తమ్ముడి మాట విని నువ్వే లాయరుగారికి కబురు పెట్టి రాయించావనుకున్నాను. నేను పంచుకుంటామని చెప్పాను వదినా. ఇన్నాళ్ళూ అన్నం పంచుకోలేదూ, అలా."

వదినకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వింది. "ఆయనకు అన్నదమ్ములు పొలాలు పంచుకోవడమే తెలుసు తల్లీ."

లోపలికెళ్ళి ఉమ్మడిగా మార్చమన్నారు. అలాగైతే మీరు పోయాక మీ తమ్ముడికి ఏమీ రాదని లాయరుగారు వదినను హెచ్చరించారు.

"వాడికి ఇల్లుందండీ. దీనికి నేను తప్ప ఎవరున్నారు? ఎలాగూ ముందు పోయేది నేనే. అప్పుడు మొత్తం దీనిదే అవుతుంది" అంది వదిన, ఇస్త్రీ బట్టలు రేపు ఇస్తానన్నంత తేలిగ్గా.

తెరలమ్మ కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోరుకున్నదే చేతికందుతోంది, అయినా ఆమె ఊహించుకున్న ఏ ఇంట్లోనూ వదిన కుర్చీ ఖాళీగా లేదు. వదిన మోచేత్తో పొడిస్తే సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆ రెండు గదుల్లోంచి వాళ్ళని పొమ్మనేవాళ్ళు లేరు. వదిన దగ్గితే మాత్రం తెరలమ్మ మిషను ఆపేస్తుంది. ఇల్లు మొత్తం తనదయ్యే రోజు రాకూడదని ఆమె ఇప్పటి కోరిక.